ఎకరం ఎనభై సెంట్ల ఆహ్లాదం

తూమాటివారిపల్లె నాగేంద్రం మంగళవారం పొద్దున పదకొండున్నర దాకా రైతు. ఆ తర్వాత కాదు. ఆ సంగతి తెలియక ఆ రోజంతా, మర్నాడు, ఆ మర్నాడు కూడా మామూలుగానే నడుం వంచి సేద్యం చేసింది. చట్టం తెలియని మనుషులు ఎంత పని చేసేస్తారో ఆలోచిస్తే భయం వేస్తుంది.

ఆమెకు ఊరికి ఉత్తరాన రోడ్డు వారన ఎకరం ఎనభై సెంట్ల చేను ఉంది. మామగారు బతికున్న రోజుల్లో రాళ్లు ఏరి ఏరి చదును చేసిన నేల అది. అందులో సగం బెండ, మిగతా సగంలో వంగ, మిరప, గట్ల వెంబడి గోంగూర. ఒక బోరు. ఆ బోరు నీళ్లతోనే ఇద్దరు ఆడపిల్లలు చదువుకున్నారు. పెద్దది నర్సుగా చేరింది, చిన్నది ఇంకా కాలేజీలో ఉంది. నాగేంద్రం, ఆమె మొగుడు చినగంగయ్య ముప్పై ఏళ్లుగా ఆ చేలోనే తెల్లారుతున్నారు, ఆ చేలోనే పొద్దుగూకుతున్నారు. తమది వ్యవసాయం అవునా కాదా అన్న అనుమానం వాళ్లకు ఏనాడూ రాలేదు. ఆ అనుమానం రాజధానిలో వచ్చింది.

శుక్రవారం వీఆర్వో మీరావలి చేలోకే వచ్చాడు. వస్తూ వస్తూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. మంచివాడు. మంచివాళ్లకు నోటీసులు ఇవ్వడం చేతకాదు.

“అక్కా, రాష్ట్ర భూ వినియోగ హేతుబద్ధీకరణ ప్రాధికార సంస్థ అని కొత్తగా ఒకటి పెట్టార్లే. అక్కడ్నుంచి వచ్చింది ఇది” అని ఒక కాగితం తీశాడు.

“చదువు.”

మీరావలి గొంతు సవరించుకున్నాడు. “రెండెకరములకు లోబడిన ఏ స్థలమునందైనను జరుగు కార్యకలాపములు జీవనోపాధి నిర్వచన పరిధిలోనికి రానేరవనియు, జీవనోపాధి కాని శ్రమ స్వభావరీత్యా వినోదమే అగుననియు, తత్కారణమున సదరు స్థలములన్నియు విరామ స్థలములుగా పునర్వర్గీకరింపబడినవనియు తెలియజేయుటకు సంతోషించుచున్నాము.”

“తెలుగులో చెప్పు తమ్ముడూ.”

“తెలుగేనక్కా ఇది” అన్నాడు మీరావలి దిగులుగా. తర్వాత గట్టు మీద కూర్చుని విప్పి చెప్పాడు. “రెండెకరాల్లోపు చేలల్లో ఏమీ మిగలదని పెద్దవాళ్లు ఏడాది పాటు ఆలోచించి కనిపెట్టారు. ఏమీ మిగలకపోయినా నువ్వు ముప్పై ఏళ్లుగా చేస్తానే ఉన్నావు. ఏమీ మిగలని పని ముప్పై ఏళ్లు ఎవరన్నా ఎందుకు చేస్తారు? సరదాకి చేస్తారు. కాబట్టి నీది సరదా.”

చినగంగయ్య పార పక్కన పెట్టి తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. కాయలు కాచి, పగుళ్లిచ్చి, గోళ్ల సందున మట్టి పట్టేసిన చేతులు.

“ఈ మాట ముందే చెప్తే ఇంకాస్త ఆనందించేవాణ్ణి గదా” అన్నాడు.

“నవ్వులాట కాదు బావా. ఇయాళ్టి నుంచి ఇది విరామ స్థలం. విరామ స్థలంలో విరామమే తీసుకోవాల. తొంభై రోజులు చూస్తారంట. విరామం తీసుకోకుండా పని చేస్తే దుర్వినియోగం కింద రాసుకుని, ముప్పై మూడేళ్ల పాటు సువిశాల క్షేత్ర నిర్వాహకుడికి అప్పగిస్తారు.”

“ఎవరాయన?”

“కంపెనీ మనిషి. చుట్టుపక్కల రెండు వేల ఎకరాలు కలుపుకుంటున్నాడు. చేలోకి దిగడనుకో. కానీ రెండు వేల ఎకరాలు కదా, అందుకని ఆయన రైతు.”

నాగేంద్రం చెయ్యి చాచి కాగితం తీసుకుంది. గంపలో ఉన్న కాయల మీద తడిగుడ్డ కప్పింది. కాగితం మడిచి రొంటిన దోపుకుంది.

*

సోమవారం మండలాఫీసులో గుమాస్తా ఆమె చేతికి ఒక ఫారం ఇచ్చాడు. దాని పేరు ఆహ్లాద ప్రకటన.

“మీ స్థలంలో మీరు ఏ విధమైన ఆహ్లాదం పొందుతున్నారో ఇందులో రాయాలమ్మా. పడవ షికారు, గుర్రపు స్వారీ, పక్షుల పరిశీలన, ఇతరములు. ఒకదానికి టిక్కు పెట్టండి.”

“నేను బెండకాయలు కోస్తానయ్యా.”

“ఇతరములు” అని గుమాస్తా తనే టిక్కు పెట్టాడు. “బెండకాయలు ఎందుకు కోస్తారు?”

“ఎందుకేంది? అమ్ముకోడానికి.”

గుమాస్తా కంగారుగా అటూ ఇటూ చూశాడు. “అట్లా అనకూడదమ్మా. మనసుకు హాయిగా ఉంటుంది కాబట్టి అని రాయండి.”

“అబద్ధం గదయ్యా.”

“అబద్ధమెందుకవుతుంది? అది ఫారం.”

నాగేంద్రం ఏడో తరగతి దాకా చదువుకుంది. ఒక్కో అక్షరం దిద్దుతూ ‘మనసుకు హాయిగా ఉంటుంది’ అని రాసింది. రాస్తుంటే చెమట పట్టిన వేళ్ల కింద కాగితం తడిసింది. గుమాస్తా దాని మీద ముద్ర కొట్టి, మరో కాగితం అంటించి, “ఉల్లాస నిర్ధారణాధికారి గారు వచ్చి చూస్తారు. ఆ రోజు కాస్త సంతోషంగా ఉండండి” అని సలహా ఇచ్చాడు.

ఉల్లాస నిర్ధారణాధికారి పేరు వరప్రసాదరావు. సన్నగా, పొడుగ్గా, ఎండలో కూడా పైబొత్తాం పెట్టుకుని తిరిగే మనిషి. ఇన్నేళ్ల నౌకరీలో ఒకరి దగ్గర కాఫీ కూడా తాగి ఎరగడు. ప్రభుత్వ ఆదేశం ఎక్కడ కనబడినా కామా దగ్గర ఆగి, ఫుల్‌స్టాప్ దాకా నడిచి, అందులో ఏముందో అదే చేసేవాడు. అంతకంటే ఎక్కువా చెయ్యడు, తక్కువా చెయ్యడు. పై అధికారులకు ఆయనంటే గౌరవం, కొంచెం భయం కూడా. ఒక చిన్న స్కూటరు, పొడవాటి టేపు, పది మార్కుల ఉల్లాస సూచిక పట్టిక ఆయన ఆస్తి.

ఆయన వచ్చేసరికి నాగేంద్రం వంగ సాళ్ల మధ్య గొంతుక్కూర్చుని కలుపు తీస్తోంది.

“అమ్మా, ప్రస్తుతం మీరేం చేస్తున్నారు?”

“కలుపు తీస్తన్నా సార్.”

“ఆనందంగా ఉందా?”

“నడుం పట్టేసింది సార్.”

వరప్రసాదరావు పట్టికలో ‘నడుము: ప్రతికూలం’ అని రాసుకున్నాడు. “పట్టేసినా ఎందుకు తీస్తున్నారు?”

“తీయకపోతే చేను పాడైపోద్ది.”

“అంటే పరిస్థితుల ఒత్తిడి మీద. స్వచ్ఛందత శూన్యం.” ఆయన చెట్టు నీడన ఉన్న మూడు గంపల బెండకాయలు చూసి ఉలిక్కిపడ్డాడు. “ఇవన్నీ మీరే కోశారా? సరదాకి ఇన్నా?”

“ఎల్లుండి మళ్లీ ఇన్నొస్తయి సార్. రోజు మార్చి రోజు కోయకపోతే కాయ ముదిరిపోద్ది.”

“దీన్ని అతిఫలనం అంటారమ్మా. ఆహ్లాదం కోసం పెంచే మొక్కకు ఇంత కాపు ఉండదు. ఒక కుటుంబం నవ్వుతూ మోయగలిగినంత కాపు దాటకూడదని అనుబంధం మూడులో ఉంది.” ఆయన గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. డాక్టరు రోగికి చెప్పినట్టు చెప్పాడు. “మీకు పదికి రెండు వచ్చాయి. ఆరు రావాలి. ఒక బెంచీ వేయించండి. నడక బాట ఒకటి. గొడుగు ఉంటే అర మార్కు. ఉయ్యాలకు ఒకటిన్నర.”

“బాట ఎక్కడ వెయ్యాల సార్? అంతా సాళ్లే గదా.”

“సాళ్లు తీసేస్తే బాటకు చోటొస్తుందమ్మా” అని ఆయన ఎంతో ఓపికగా వివరించి, స్కూటరెక్కి పక్క చేలోకి పోయాడు. ఆ ఊళ్లో రెండెకరాల్లోపు వాళ్లు నలభై ఒక్క కుటుంబాలు. అందరికీ ఒకటో రెండో మార్కులే వచ్చాయి. తూమాటివారిపల్లెలో ఆనందం ఇంత తక్కువగా ఉందని అప్పటిదాకా ప్రభుత్వానికి తెలియదు.

*

నెల తిరిగేసరికి ఊరి చేల రూపం మారిపోయింది. మిరప మళ్లలో సిమెంటు బెంచీలు లేచాయి. కంది చేల మధ్య రంగు గొడుగులు విచ్చుకున్నాయి. నాగేంద్రం ఆరు సాళ్ల బెండ పీకి నడక బాట వేసింది. పూత మీదున్న మొక్కలు. పీకుతున్నంతసేపూ ఆమె పళ్లు బిగబట్టుకునే ఉంది. చినగంగయ్య బోరు పక్కనున్న వేపకొమ్మకు ఉయ్యాల కట్టి, దాని మీద ఎరువు సంచి పెట్టాడు. సంచి అయినా ఊగుతుందని.

కలుపుకొచ్చే ఆడవాళ్ల సంగతి ఇంకా చిక్కుగా తయారైంది. విరామ స్థలంలో కూలీలు ఉండకూడదు, విహార అతిథులు మాత్రమే ఉండొచ్చు. అతిథి నేల వంక వంగితే నిబంధనకు విరుద్ధం. అందుకని స్కూటరు చప్పుడు వినబడగానే రోడ్డు మీద టీకొట్టు కోటయ్య గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గుకు ఊరి చేలన్నీ ఒక్కసారిగా నడుం ఎత్తేవి. కొడవళ్లు మొక్కల కిందికి పోయేవి. అందరూ బెంచీల మీద కూర్చుని ఆకాశంలోకి చూసేవాళ్లు.

“ముప్పై ఏళ్ల నుంచి ఈ చేలల్లో ఒక్కళ్లు కూర్చోమన్న పాపాన పోలా. ఇప్పుడేమో కుర్చీ దిగితే కేసంట” అంది రాహేలమ్మ, కూలీలందరిలోకీ పెద్దది, గొడుగు కింద బిగుసుకుని కూర్చుని.

“నవ్వవే, వస్తన్నాడు” అంది నాగేంద్రం.

రాహేలమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి పక్క గట్టు మీద కుక్క లేచి వెళ్లిపోయింది.

ఎంత తిప్పలు పడ్డా నాగేంద్రానికి నాలుగున్నర దాటలేదు. “పెదవుల్లో ఉంది గానీ కళ్లలో లేదమ్మా” అనేవాడు వరప్రసాదరావు. చివరికి మార్కులు తెచ్చింది చినగంగయ్య. ఒక బుధవారం ఆ అధికారి చెప్పాపెట్టకుండా నడుచుకుంటూ వచ్చాడు. కోటయ్యకు దగ్గే వ్యవధి దొరకలేదు. చినగంగయ్య బెంచీ మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తుండుగుడ్డ మొహం మీద ఉంది. పిలిస్తే పలకలేదు. స్టార్టరు ఆగిపోయి, బోదెల్లో నీళ్లు ఇంకిపోయి, మొక్కలు తలలు వేలాడేసి ఉన్నా ఆ మనిషిలో చలనం లేదు. వరప్రసాదరావు చాలాసేపు నిలబడి చూశాడు. తర్వాత తొమ్మిది మార్కులు వేశాడు. జిల్లాలో అంతవరకు ఎవరికీ ఏడు దాటలేదు.

పదిహేను రోజులకు మండల కేంద్రంలో సభ పెట్టి చినగంగయ్యకు ‘ఆదర్శ విరామకారుడు’ బిరుదు ఇచ్చారు. ప్రాధికార సంస్థ జిల్లా సంచాలకులు ఉదయభాస్కరం గారు స్వయంగా వచ్చారు. నున్నటి బుగ్గలు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఏ మాటా ఒక్కసారితో వదలని నాలుక.

“సోదర సోదరీమణులారా! ఇన్నాళ్లూ చిన్న కమతదారుణ్ణి మనం శ్రమ అనే అపోహలో ఉంచాం. చీకట్లో ఉంచాం. మా సంస్థ ఆ సంకెళ్లు తెంచింది. ఛేదించింది. భవిష్యత్తు సువిశాల క్షేత్రాలది. మరి చిన్న రైతు ఏమవుతాడు అని కొందరు దుర్బుద్ధితో ప్రశ్నిస్తున్నారు. చిన్న రైతు సేదతీరుతాడు! ఈయన్ని చూడండి. భూమితో ఇంత ప్రశాంతమైన, సమతులమైన, సంపూర్ణమైన అనుబంధం మరెక్కడైనా చూశారా?”

చప్పట్లు మోగాయి. శాలువా కప్పి చినగంగయ్య చేతికి మైకు ఇచ్చారు.

“ఆ రోజు నాకు నూటమూడు జరమండి” అన్నాడు చినగంగయ్య.

చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

*

ఆ తర్వాత నాగేంద్రానికి అధైర్యం కొంత తగ్గింది. తొమ్మిది మార్కులొచ్చిన చేను గనక ఇక దీని జోలికి ఎవరూ రారనుకుంది. ఆ తొమ్మిది నిలబెట్టుకోవాలంటే మాత్రం ఆదర్శ విరామకారుడు రోజూ పడుకునే ఉండాలి, ఆమె పక్కన కూర్చునే ఉండాలి. ఆమె కళ్ల ముందే బెండకాయలు ముదిరి కర్రల్లా తయారయ్యాయి. వంగకు పురుగు పట్టింది. తుంగ మోకాలెత్తు లేచింది. వేళ్లు లాగుతున్నా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పని చెయ్యకుండా కూర్చోవడంలో ఇంత నొప్పి ఉంటుందని ఆమెకు తెలియదు. సాయంత్రాలు ఇంటికొచ్చి తిండి సయించక ఊరికే గిన్నెలు తోమేది. తోమినవే మళ్లీ తోమేది.

తొంభయ్యో రోజున మీరావలి రెండో కాగితం తెచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

“చెప్పు తమ్ముడూ.”

“నీ చేను సంపూర్ణ విరామంలో ఉందని రాశారక్కా.”

“మంచిదే గదా. అదే గదా కావాలన్నారు.”

“మంచిదే. కానీ సంపూర్ణ విరామంలో ఉన్న నేల బీడు కింద లెక్కంట. సవరణ తొమ్మిది. బీడు పెట్టినందుకు కంపెనీకి అప్పగిస్తారంట. సోమవారం జిల్లాఫీసులో విచారణ. పాసుపుస్తకాలు తెచ్చి అప్పజెప్పమన్నారు.”

“ఎవరెవరు?”

“ఆరు మార్కులు దాటినోళ్లంతా బీడు. దాటనోళ్లంతా దుర్వినియోగం. నలభై ఒక్క మందీ రావాల.”

చినగంగయ్య బెంచీ మీంచి లేచాడు. తనకిచ్చిన శాలువా తీసుకొచ్చి మీరావలి చేతిలో పెట్టి, “ఇది కూడా అప్పజెప్పు” అన్నాడు. నాగేంద్రం ఆ మాట విననట్టు చేలోకి నడిచి, తుంగ దుబ్బు ఒకటి రెండు చేతులా పట్టుకుని పీకింది. ఇంకోటి పీకింది. చీకటి పడేదాకా పీకుతూనే ఉంది. పక్క చేల వాళ్లు చూశారు. ఎవరూ వద్దనలేదు.

*

జిల్లా కార్యాలయం కొత్తగా కట్టిన రెండంతస్తుల మేడ. తూమాటివారిపల్లె జనం పొద్దున తొమ్మిదింటికి వచ్చి వరండాలో కూర్చుంటే మధ్యాహ్నం రెండింటికి పిలిచారు. ఆ ఐదు గంటలూ నాగేంద్రం ఎదురుగా గోడకు పొదిగిన శిలాఫలకం చూస్తూ కూర్చుంది. శంకుస్థాపన ఎవరు చేశారు, ప్రారంభం ఎవరు చేశారు, స్థల విస్తీర్ణమెంత అన్నీ చెక్కి బంగారు రంగు పూశారు. చదవడానికి వేరే ఏమీ లేదు గనక అదే మళ్లీ మళ్లీ చదివింది.

లోపల ఉదయభాస్కరం గారు పెద్ద బల్ల వెనుక కూర్చున్నారు. బల్ల మీద నలభై ఒక్క పాసుపుస్తకాలు దొంతరగా పేర్చి ఉన్నాయి. పక్కన స్వాధీన ఉత్తర్వుల కట్ట, మూత తీసిన కలం. గోడ వారన వరప్రసాదరావు తన పట్టికలతో నిలబడి ఉన్నాడు.

“మీలో ఎవరైనా చెప్పుకోదలచినది ఉంటే క్లుప్తంగా, సంక్షిప్తంగా, రెండు ముక్కల్లో చెప్పవచ్చు” అన్నారు సంచాలకులు.

నాగేంద్రం లేచింది. “కలుపు తీస్తే దుర్వినియోగమన్నారు. తీయకపోతే బీడన్నారు. ఈ రెంటికీ మధ్యన ఏం చెయ్యాలో చెప్పండి సార్. అది చేస్తాం.”

“మధ్య అన్నదానికి మార్గదర్శకాలు ఇంకా రాలేదమ్మా.”

“వచ్చేదాకా ఆగుతారా?”

“ఆగడం అనేది మా విధివిధానాల్లో లేదు.” ఆయన కలం ఎత్తారు. “ఈ వ్యక్తిగత భావోద్వేగాల్ని మేం అర్థం చేసుకోగలం. అవగతం చేసుకోగలం. కానీ ఇది శాస్త్రం. రెండెకరాలకు తక్కువైన చోట ఏ మనిషీ పనికొచ్చే పని చెయ్యలేడని రుజువైపోయింది.”

నాగేంద్రం ఆ గది నాలుగు గోడల వంకా చూసింది. ఎగతాళి చేద్దామని కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

“మరి ఈ ఆఫీసు నలభై రెండు సెంట్లేనని బయట రాయి మీద ఉంది గదా సార్?”

గదిలో సిబ్బంది నవ్వారు. ఉదయభాస్కరం గారు కూడా పెద్దమనసుతో నవ్వారు. “ఇది కార్యాలయం తల్లీ. మీ చేను కాదు.”

“కాయితంలో చేను అని లేదు సార్. ఏ స్థలమైనా అని ఉంది. మీరావలి మూడు సార్లు చదివాడు.”

వరప్రసాదరావు మాత్రం నవ్వలేదు. సంచిలోంచి ఆదేశం ప్రతి తీసి, వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. ఒక కామా దగ్గర ఆగాడు. మొహం తెల్లబడింది.

“ఆమె చెప్పింది నిజమే సార్. ‘రెండెకరములకు లోబడిన ఏ స్థలమునందైనను.’ ముసాయిదా మన ఆఫీసుకు అభిప్రాయం కోసం వచ్చినప్పుడు నేను ‘వ్యవసాయ’ అన్న మాట చేర్చమన్నాను. అది సంకుచిత దృష్టి అని తమరే కొట్టేశారు.”

“అయితే ఏమంటావయ్యా ఇప్పుడు?”

“నేనేమీ అనను సార్. కొలుస్తాను.”

ఆయన టేపు తీశాడు. బల్ల కింద దూరాడు, కిటికీలోంచి బయటికి వేలాడాడు, వరండా చుట్టూ తిరిగాడు. ఒక కొస మీరావలి పట్టుకున్నాడు, చాలా శ్రద్ధగా పట్టుకున్నాడు. అరగంటకు ఆయన తిరిగొచ్చి సంచాలకుల ఎదుట నిలబడ్డాడు. చేతిలో కొత్త పట్టిక ఉంది.

“నలభై రెండు సెంట్ల ముప్పావు. ఇది విరామ స్థలం సార్. ఇక్కడ జరుగు కార్యకలాపములు స్వభావరీత్యా వినోదమే అగును. సార్, ప్రస్తుతం తమరు ఆనందంగా ఉన్నారా?”

“నీకు మతి పోయిందా? నిన్నీ క్షణమే సస్పెండ్ చేస్తున్నాను!”

“ఆనందం శూన్యం” అని రాసుకున్నాడు వరప్రసాదరావు. “సస్పెన్షన్ ఉత్తర్వు మీద సంతకం పెట్టడం పని కిందికి వస్తుంది సార్. విరామ స్థలంలో పని చేస్తే దుర్వినియోగం. తమరు సంతకం పెట్టిన మరుక్షణం ఈ భవనాన్ని కంపెనీకి అప్పగించమని నేను రాయాల్సి వస్తుంది. దయచేసి కలం మూత పెట్టండి.”

ఉదయభాస్కరం గారు కలం వంక చూశారు, ఉత్తర్వుల కట్ట వంక చూశారు. ఆ మనిషి అన్నంత పనీ చేస్తాడని ఆయనకు తెలుసు. ఇన్నేళ్లుగా అందుకే ఆయన్ని మెచ్చుకుంటూ వచ్చారు. కలానికి మూత పెట్టారు.

*

తర్వాత రెండు వారాల్లో జరిగిన సంగతులు మీరావలి వచ్చి చెప్తే తెలిశాయి. ఆదేశం దిద్దించుకుందామని ఉదయభాస్కరం గారు రాజధానికి పరిగెత్తారు. ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయం ఎకరం తొంభై సెంట్లని అక్కడ తేలింది. అక్కడ కూర్చుని సవరిస్తే ఆ సవరణే వినోదం అవుతుందని న్యాయ విభాగం వాళ్లు భయపెట్టారు. రెండెకరాలు దాటిన చోటు కోసం వెతికి వెతికి, చివరికి అంతా జిల్లాకే తిరిగొచ్చి కంపెనీ వాడి రెండు వేల ఎకరాల క్షేత్రంలో టెంటు వేసి సమావేశం పెట్టుకున్నారు. చట్టప్రకారం పని చెయ్యడానికి వీలున్న చోటు ఆ చుట్టుపక్కల అదొక్కటే. పదకొండింటికి ఎండ ఎక్కింది. పన్నెండింటికి ఒక ఉపకార్యదర్శి కళ్లు తిరిగి పడ్డాడు. ఒంటిగంటకు ఫైళ్లు గాలికి లేచిపోతే వాటి వెంట నలుగురు అధికారులు పరిగెత్తారు. మూడింటికల్లా అందరూ కార్లెక్కేశారు. సవరణ ముసాయిదా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఇక జిల్లా కార్యాలయానికి ఉద్యానవన శాఖ వాళ్లు నియమం ప్రకారం బెంచీలు, గొడుగులు, రెండు ఉయ్యాలలు పంపించారు.

“మన పాసుపుస్తకాలు?” అంది నాగేంద్రం.

“ఆ బల్ల మీదే ఉన్నాయక్కా. ఇవ్వమంటే ఇవ్వరు. ఇవ్వడం కూడా పనేనంట.” మీరావలి నేల చూస్తూ అన్నాడు. “కానీ సందర్శకులు లోపల తిరగొచ్చంట. విరామ స్థలం గదా.”

మర్నాడు తూమాటివారిపల్లె నుంచి నలభై ఒక్క కుటుంబాలు జిల్లా కార్యాలయం చూడ్డానికి బయల్దేరాయి. గేటు దగ్గర కాపలావాడు, “ఏం పని మీద?” అని అలవాటుగా అడిగి నాలుక కరుచుకున్నాడు.

“పనేం లేదు. చూసి పోదామని” అంది నాగేంద్రం.

లోపల గుమాస్తాలు ఉయ్యాలల దగ్గర వరసలో నిలబడి ఉన్నారు. వరండాలో రంగు గొడుగు కింద ఉదయభాస్కరం గారు బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా వరప్రసాదరావు పట్టిక పట్టుకుని నిలబడ్డాడు.

“పెదవుల్లో ఉంది గానీ కళ్లలో లేదు సార్. మూడున్నర. ఇంకొంచెం ప్రయత్నించండి.”

సంచాలకులు ప్రయత్నించారు. ఆయన బుగ్గలు వణికాయి. రాహేలమ్మ ఆయన ఎదుట ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఎగాదిగా చూసింది.

“కాళ్లు చాపుకో అయ్యా. మొదట్లో అందరికీ ఇట్టాగే ఉంటది” అంది.

నాగేంద్రం లోపలి గదిలోకి వెళ్లింది. బల్ల మీద దొంతరలో పైనుంచి తొమ్మిదోది తనది. తీసి కొంగులో కట్టుకుంది. ఆమె వెనక ఒక్కొక్కరూ వచ్చి, వింతలు చూస్తున్నట్టు బల్ల చుట్టూ తిరిగి, తమది తాము తీసుకుని బయటికి నడిచారు. బల్ల మీద ఉత్తర్వుల కట్ట ఒక్కటే మిగిలింది. దాని మీద సంతకాలు లేవు.

వెళ్లేముందు ఆమె వరప్రసాదరావు దగ్గర ఆగింది. “నా చేను మళ్లీ చేనైందా సార్?”

“లేదమ్మా. ఆదేశం రద్దు కాలేదు. మీది ఇంకా విరామ స్థలమే” అన్నాడు ఆయన నిజాయితీగా.

“మరి మార్కులెయ్యడానికి వస్తారా?”

“పర్యటనకు సంచాలకుల సంతకం కావాలి.” ఆయన బెంచీ వంక తిరిగి చూశాడు. “వారు విరామంలో ఉన్నారు.”

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది. చినగంగయ్య బోరు దగ్గర స్టార్టరు విప్పి పెట్టుకుని తీగలు కలుపుతున్నాడు. ఆమె కొంగులోని పుస్తకం తీసి చూపిస్తే చేతులు తుడుచుకుని అందుకున్నాడు. పేజీలు తిప్పి, ఎకరం ఎనభై సెంట్లు అన్న చోట కాసేపు చూసుకున్నాడు.

“అయితే గెలిచినట్టేనంటావా?”

“వాళ్లు కూర్చుని ఉన్నంత కాలం.”

“లేస్తే?”

“లేస్తారు. అట్టాంటోళ్లు ఎక్కువ కాలం కూర్చోలేరు.” నాగేంద్రం చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, నడక బాట వేసిన ఆరు సాళ్ల వంక చూసింది. “అది తవ్వెయ్. బెండ విత్తనాలు నానబెట్టొస్తా.”